తొలి డీఎస్ఎల్ఆర్: బాడీ కంటే ముందు లెన్సు లెక్క చూసుకోండి

పక్షులనూ, ఇంట్లో పిల్లలనూ ఫొటోలు తీయడానికి కొత్త కేనన్ 1500డి మంచిదా, సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డి3500 లేదా డి5600 మంచిదా అని మీరు అడిగారు. మూడింటిలోనూ దాదాపు 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సి సెన్సరే (పాత ఫిల్ము ఫ్రేము కంటే చిన్నది) ఉంది కనుక, బొమ్మ నాణ్యత గురించి తల బద్దలు కొట్టుకోనవసరం లేదు. ఏ లెన్సు వాడబోతున్నారో తేల్చుకున్నాకే బాడీ (లెన్సు లేని కెమెరా) సంగతి చూడమంటాను. నాకు ఈ తెలివి కొంత డబ్బు వదిలాక గానీ రాలేదు.

నా తొలి కెమెరా నికాన్ డి3200. కెమెరాతో పాటే వచ్చిన 18-55 మి.మీ. జూమ్ లెన్సుకు ఇంట్లోని వెలుతురు చాలడం లేదని, ఒక పాత సామాన్ల దుకాణంలో చవకగా దొరికిన 50 మి.మీ. ఎఫ్ 1.8డి లెన్సు కొన్నాను (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది). బిగించి చూస్తే ఆటోఫోకస్ లేదు. డి3000, డి5000 వరుసల బాడీలలో (డి3200, డి3500, డి5600 వీటిలోవే) ఫోకస్ మోటారు ఉండదనీ, పేరు చివర 'డి' ఉన్న ఆ పాత లెన్సు బాడీలోని మోటారు మీదే ఆధారపడుతుందనీ నాకు అప్పటికి తెలియదు. చేత్తో రింగు తిప్పుతూ తీసిన మా అమ్మాయి పుట్టినరోజు ఫొటోలలో కేకు స్పష్టంగా, అమ్మాయి మసగ్గా వచ్చారు. అదే లెన్సు ఏఎఫ్-ఎస్ రకంలో అయితే మోటారు లోపలే ఉంటుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, నికాన్‌లోనే ఏఎఫ్-పి అనే మరో రకం కొత్త లెన్సులు డి3200 వంటి పాత బాడీల మీద చేత్తో తిప్పినా ఫోకస్ కావు. డి3500, డి5600 మీద మాత్రం చక్కగా పనిచేస్తాయి. కేనన్ ఈఎఫ్ లెన్సులన్నింటిలోనూ మోటారు లెన్సులోనే ఉంటుంది కాబట్టి అక్కడ ఈ తలనొప్పి లేదు.

పిల్లల కోసం 50 కంటే 35 మి.మీ. ఎఫ్ 1.8 తీసుకోండి. ఈ చిన్న సెన్సరు మీద 50 మి.మీ. లెన్సు, ఫిల్ము కెమెరా మీది సుమారు 75 మి.మీ. లెన్సు లాగా దగ్గరికి లాగుతుంది. మన పడకగదుల్లో గోడకు వీపు ఆనించినా పిల్లవాడు ఫ్రేములో పట్టడు.

పక్షుల విషయంలో నా ఓటు డి5600కే. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూళ్లు కట్టుకునే ఎర్రకాళ్ల కొంగలు ఒడ్డుకు దగ్గరగానే ఉంటాయి కనుక 70-300 మి.మీ. జూమ్ లెన్సు సరిపోతుంది గానీ, అవి రెక్క విప్పిన క్షణాన్ని పట్టుకోవాలంటే ఫోకస్ పాయింట్లూ (ఫ్రేములో కెమెరా ఫోకస్ పట్టగల చోట్లు), వేగమూ కావాలి. డి5600లో 39 పాయింట్లు, సెకనుకు 5 ఫొటోలు. డి3500లో 11 పాయింట్లు, అదే వేగం. 1500డిలో 9 పాయింట్లు, సెకనుకు 3 ఫొటోలు. బ్యాటరీ మాత్రం డి3500దే మేలు, ఒక్క చార్జింగుకు దాదాపు 1,550 ఫొటోలని కంపెనీ లెక్క. వీడియో కూడా తీసే ఉద్దేశముంటే డి3500లో మైకు పెట్టుకునే సాకెట్ లేదని గుర్తుంచుకోండి.

పాతది కొనేటప్పుడు అక్కడికక్కడే ఒక ఫొటో తీసి, ఆ ఫైలులో షట్టర్ కౌంట్, అంటే ఆ కెమెరా ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో చూడండి. నికాన్ ఫైళ్లలో అది నమోదై ఉంటుంది. లెన్సు వెనక నుంచి టార్చి వేసి, లోపల సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో గమనించండి. మన కోస్తా ఉక్కకు అది తేలికగా పడుతుంది. నా రెండో లెన్సు అలాగే పాడైంది కనుక, ఇప్పుడు నా సామానంతా మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాల మధ్య ఉంటోంది.