చెట్టు నరికి గొడ్డలి చేసుకునే ఆటలు ఇక చాలు

ఓపెన్ వరల్డ్ సర్వైవల్ గేములు, అంటే పెద్ద లోకంలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ ప్రాణం నిలుపుకునే వీడియో ఆటలు, ఇన్ని వచ్చాక ముగ్గురు నలుగురున్న చిన్న జట్టు మరొకటి చేయడంలో అర్థముందా, చేస్తే మ్యాప్, అంటే ఆటలో తిరిగే ప్రాంతం, ఎంత పెద్దదిగా ఉండాలి అని అడిగారు. అర్థముంది. మ్యాప్ సంగతి మాత్రం చివర చూసుకోండి. విజయవాడ సింగ్‌నగర్‌లో అద్దె గదిలో కూర్చుని మేము ముగ్గురం 14 నెలలు మ్యాప్‌నే పెంచుకుంటూ పోయి చేతులు కాల్చుకున్నాం.

ఆ ఆటలో అడవి, కొండలు, రాత్రిపూట తిరిగే మృగాలు, ఆకలిని చూపే బార్ అన్నీ ఉండేవి. గుంటూరులో మా బాబాయి కొడుకు చెట్టు నరికి రాతి గొడ్డలి చేసుకోగానే, "అన్నయ్యా, ఇది ఇదివరకే ఆడినట్టుంది" అని లేచిపోయాడు. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడితే డబ్బు వెనక్కి అడగవచ్చు. అటువంటప్పుడు ఆ మొదటి రెండు గంటలను గొడ్డలికి ధారపోసిన ఆట నిలబడదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద మా వీధిని ముంచింది. రెండో అంతస్తులో ఉన్న మాతో కింది వాటా మామ్మగారి కుటుంబం కలిసి తొమ్మిది మందిమయ్యాం. బియ్యం ఉన్నాయి, మామ్మగారు గుండెకు హత్తుకుని పైకి తెచ్చిన ఆవకాయ జాడీ ఉంది, చుట్టూ నీళ్లే అయినా తాగడానికి 11 సీసాలు మాత్రమే ఉన్నాయి. కరెంటు పోయింది కనుక అన్ని ఫోన్లూ ఆపేసి ఒక్కటే వాడాలని మామ్మగారు తీర్మానించారు. అందులో మిగిలిన 19 శాతం చార్జింగును పడవ కోసం ఖర్చు చేయాలా, హైదరాబాదులో ఏడుస్తున్న ఆవిడ కూతురి కోసం ఖర్చు చేయాలా అని మూడు రోజులు వాదించుకున్నాం, ఆకలి గురించి మాత్రం ఎవరూ నోరెత్తలేదు. మా ఆటలోని బార్ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. ఉన్న కాస్తను ఎవరికివ్వాలన్న చిక్కు మా ఆటలో ఎక్కడా లేదు.

గెలిచిన ఆటలూ ఏదో ఒక చోట పాత అచ్చును వదిలేశాయి. 2021లో ఎర్లీ యాక్సెస్‌కు, అంటే పూర్తికాకముందే అమ్మకానికి, వచ్చిన వాల్‌హైమ్‌ను స్వీడన్‌లో అయిదుగురు చేశారు. అందులో తినకపోతే చావరు, తింటే బలం పెరుగుతుంది, అంతే. 2018లో పూర్తిరూపంలో వచ్చిన సబ్‌నాటికా చంపే తుపాకి ఇవ్వకుండా, ఊపిరి అయిపోతుందన్న ఆందోళనతోనే సముద్రంలో వణికించింది. ఈ మాట ఆటలకు డబ్బు పెట్టి విడుదల చేసే ఒక పబ్లిషర్ ప్రతినిధికి చెబితే, చేపల వేట, ఇల్లు కట్టుకోవడం, మచ్చిక చేసుకునే జంతువులు ఉన్నాయా అని జాబితా చదివారు. ఆ జాబితాను అందరూ నింపబట్టే ఆటలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తున్నాయి.

ఇప్పుడు మా మ్యాప్ నాలుగు వీధులు. నీరు గంటగంటకూ ఒక్కో మెట్టు ఎక్కుతుంది, డాబాల మీదుగా ఏ ఇంటికైనా వెళ్లవచ్చు, అందరికీ కలిపి ఒకే ఫోను. మొన్న దసరాకు తమ్ముడు మళ్లీ ఆడాడు. చార్జింగంతా కూతురి ఫోనుకే ఖర్చుపెట్టి పడవను పోగొట్టుకుని, భోజనానికి పిలిచినా లేవకుండా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.