గాయం మానడం, నూనె మానడం

సందేహం: ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లేవాళ్లకు ఇవ్వడానికి ఒక పేజీ కరపత్రం తెలుగులో తయారుచేస్తున్నాను. ‘కొవ్వు ఆమ్లాలు వాపును తగ్గించి గాయాన్ని త్వరగా మాన్పుతాయి. కొవ్వు పూర్తిగా మానరాదు. గాయానికి చేప నూనె, అవిసె, మంచి నూనెలు మేలు’ అని రాశాను. ఇన్‌ఫ్లమేషన్‌కు వాపు, మంట, తాపం, శోథ – వీటిలో ఏది సరైన మాట? ‘కొవ్వామ్లం’ అని కలిపి రాయాలా?
– ఒక డైటీషియన్, హైదరాబాద్

సమాధానం: మీరు అడిగింది రెండు మాటల గురించే. కానీ ఆ మూడు వాక్యాల్లో రోగి తప్పుగా అర్థం చేసుకునే చోట్లు ఇంకా ఉన్నాయి. కరపత్రం అచ్చుకు వెళ్లకముందే అడిగారు కాబట్టి అన్నీ చెబుతాను.

ముందు ‘వాపు’. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ ఇన్‌ఫ్లమేషన్‌కు నాలుగు లక్షణాలు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. నాలుగింటిలో ఒకదాని పేరు మొత్తానికి పెడితే చిక్కు వస్తుంది. తెలుగులో వాపు అంటే కంటికి కనిపించే ఉబ్బు. ‘వాపు చూసి బలుపనుకున్నట్టు’ అనే సామెతలో ఉన్నది ఆ అర్థమే. గుండె జబ్బుతోనో కిడ్నీ జబ్బుతోనో కాళ్లకు నీరు పట్టినవాళ్లు కూడా మీ కరపత్రం చదివి చేప నూనె గొట్టాలు (క్యాప్సూల్స్) కొనుక్కుంటారు.

‘మంట’ ఇన్‌ఫ్లమేషన్‌ అనే మాట పుట్టుకకు దగ్గరిది. దాని లాటిన్ మూలానికి నిప్పంటించడం అనే అర్థం. అయితే మన మంట అనుభవించేవారికే తెలిసేది, పుండు మీద కారం పడ్డప్పటిది. చక్కెర జబ్బుతో పాదం మొద్దుబారినవాళ్లకు పుండు ఎంత ముదిరినా మంట తెలియకపోవచ్చు. మంట లేదు కాబట్టి భయం లేదనుకుంటారు. ‘తాపం’ అంటే జ్వరమో ఎండ వేడిమో స్ఫురిస్తుంది. ‘శోథ’ ఉబ్బడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చింది కాబట్టి అదీ మొదట్లో వాపే. ఆయుర్వేదంలో ‘వ్రణశోథ’ వంటి వాడుకలతో దాని పరిధి పెరిగింది. పాఠ్యపుస్తకానికైతే శోథే నా ఎంపిక. కరపత్రానికి కాదు. అక్కడ ‘ఎర్రబడి, వేడిగా, వాచి, నొప్పిగా ఉండడం’ అని లక్షణాలతోనే రాసి, డాక్టర్లు దీన్ని ఇన్‌ఫ్లమేషన్ అంటారని ఒక్కసారి చెప్పండి. ఆసుపత్రిలో వాళ్ల చెవిన పడేది ఆ మాటే కదా.

ఇక ‘తగ్గించి’ అనే మాట. నాకు ఎక్కువ అభ్యంతరం దీనిమీదే. గాయమైన తొలి గంటల్లోనే న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు, రెండు మూడు రోజుల్లో మాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు అక్కడికి చేరి సూక్ష్మజీవులను, చచ్చిన కణజాలాన్ని శుభ్రం చేస్తాయి. ఆ ఎరుపూ వేడీ ఈ పనికి గుర్తులు. అది జరగకపోతే కొత్త చర్మం పట్టదు. కష్టమంతా అది సమయానికి ఆగకపోతేనే, మానని పుండ్లలో జరిగేది అదే. మొదలవడం, ఆగడం అనే ఈ రెండు దశల్లోనూ కొవ్వు ఆమ్లాల పాత్ర ఉంది. వాటిలో ఒమేగా-6 తరగతికి చెందిన అరాకిడోనిక్ ఆమ్లం నుంచి శరీరం ప్రోస్టాగ్లాండిన్ ఇ2, ల్యూకోట్రయిన్ బి4 వంటి పదార్థాలను చేస్తుంది. ఇన్‌ఫ్లమేషన్‌ను రాజేసేవి ఇవి. చేపల్లోని ఒమేగా-3 రకమైన ఈపీఏ అవే ఎంజైముల కోసం పోటీపడుతుంది. దానినుంచి వచ్చే పదార్థాల తీవ్రత తక్కువ. ఈపీఏ నుంచి, చేపల్లోనే ఉండే మరో ఒమేగా-3 అయిన డీహెచ్ఏ నుంచి రిజాల్విన్లు అనేవి కూడా తయారై, పని ముగిసిన కణాలను అక్కడినుంచి తొలగించే ప్రక్రియకు ఊతమిస్తాయి. ఇలా ముగింపుకు తేవడానికి తెలుగులో చక్కని క్రియ ఉంది: సద్దుమణగడం. ‘వాపును తగ్గిస్తాయి’ బదులు ‘సద్దుమణగడానికి తోడ్పడతాయి’ అనండి. అదీ ఒమేగా-3 గురించే అనండి, కొవ్వు ఆమ్లాలన్నిటినీ కర్తగా పెట్టకండి. ‘త్వరగా’ కూడా కొట్టేయండి. ఆరోగ్యవంతులకు కొన్ని వారాలు చేప నూనె ఇచ్చి, చర్మంపై చిన్న పొక్కు గాయాలు చేసి గమనించిన పరిశోధనలో అవి మానే వేగం పెరగలేదు.

‘మానరాదు’ దగ్గర ఆగాలి. మానడం అంటే విడిచిపెట్టడం, నయం కావడం కూడా. పుండు తన పని చాలించడమే పుండు మానడం, కాబట్టి రెండర్థాలకూ వేరు ఒక్కటే. కానీ ఒకే పేజీలో ‘మాన్పుతాయి’, ‘మానరాదు’ పక్కపక్కన పడితే చదువు అంతంతమాత్రం వచ్చినవాళ్లు తడబడతారు. గాయానికి ‘మానడం’ ఉంచి, నూనెకు ‘బంద్ చేయకండి’ అని రాయండి. హైదరాబాద్‌లో అందరి నోటా ఉన్న మాటే, ఏ సందిగ్ధతా లేదు. ఈ హెచ్చరిక చిన్నది కాదు. పథ్యం పేరుతో నూనె చుక్క లేకుండా వారాలు గడిపేవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. కొవ్వు బొత్తిగా లేని తిండి పెడితే ఎలుకల చర్మం పొలుసులుగా రాలుతుందని 1929లో అమెరికా శాస్త్రవేత్తలు బర్ దంపతులు చూపారు. చర్మంలోని నీరు ఆవిరైపోకుండా కాపాడే పొరకు లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం తప్పనిసరి. దాన్ని శరీరం తయారుచేసుకోలేదు. రోజు మొత్తం శక్తిలో 2 శాతం దానినుంచి రావాలనుకుంటే, 2000 కేలరీలు తినేవాళ్లకు అది సుమారు 4.5 గ్రాములు. పొద్దుతిరుగుడు నూనె రెండు టీచెంచాల్లో ఆ మేర దొరుకుతుంది. పల్లి నూనె అయితే మూడు నాలుగు కావాలి. ఏ నూనెలో ఏది ఎంతో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల్లో ఉంది.

ఇక్కడే అచ్చుతప్పు ప్రమాదం కూడా. లినోలిక్ ఒమేగా-6, లినోలెనిక్ ఒమేగా-3. ఒక్క అక్షరం అటూఇటూ అయితే అర్థం తలకిందులు. కరపత్రంలో ఆ పేర్లు వద్దు.

‘గాయానికి చేప నూనె మేలు’లో తప్పు విభక్తిది. జుట్టుకు కొబ్బరి నూనె, కీళ్లకు నువ్వుల నూనె అన్నట్టు, నూనె ముందు ‘కి, కు’ వస్తే తెలుగువాళ్లకు రాయడమే తోస్తుంది. నూనె, పసుపు కలిపి దెబ్బలకు పెట్టే అలవాటు ఎలాగూ ఉంది. గొట్టం చింపి కుట్ల మీద పిండుకునేవాళ్లు ఉంటారు. ‘తిండిలో’ అనే మాట తప్పకుండా ఉండాలి.

‘మంచి నూనెలు’ కూడా మీరనుకున్న అర్థం ఇవ్వదు. మంచినీళ్లు తాగే నీళ్లయినట్టే, మంచినూనె అంటే పాతవాళ్లకు నువ్వుల నూనె. గ్యాసునూనె (కిరోసిన్) కానిది, వంటకు వాడేది ఏదైనా మంచినూనే అనేవాళ్లూ తెలంగాణలో ఉన్నారు. కాబట్టి నూనె పేరు పెట్టి చెప్పండి.

‘అవిసె’ ఇంకా చిక్కు. అవిసె చెట్టు ఒకటి ఉంది, దాని ఆకూ పువ్వూ వండుకుంటారు. మీరు చెప్పేది వేరే మొక్క గింజలు. ‘అవిసె గింజలు’ అని రెండు మాటలూ రాయండి. గింజను అలాగే మింగితే చాలావరకు అరగకుండానే పోతుంది, అందుకని ‘పొడి చేసి’ అని చేర్చండి. పొడి నిలవుంటే గాలికి పాడై చేదెక్కుతుంది, కొద్దికొద్దిగా కొట్టుకోవాలి. వీటి ఒమేగా-3లో ఈపీఏగా మారేది కొద్ది భాగమే, కాబట్టి చేపతో సమానమని రాయకండి. చేపల్లోనూ తేడా ఉంది: మన దగ్గర ఎక్కువగా కొనే రవ్వ, బొచ్చెల కంటే సముద్రపు కవ్వలు, కానాగంతల్లో ఒమేగా-3 మెండు.

నేనైతే ఇలా రాస్తాను: ‘ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు కుట్ల చుట్టూ కొద్దిగా ఎర్రబడి, వేడిగా, వాచి, నొప్పిగా ఉండడం సహజం. డాక్టర్లు దీన్ని ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఎరుపు పాకుతున్నా, చీము కారినా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి రండి. కూరల్లో నూనె బంద్ చేయకండి. కొత్త చర్మానికి అది కావాలి. చేపలు తినేవాళ్లు వారానికి రెండుసార్లు తినండి. తిననివాళ్లు అవిసె గింజల పొడి రోజూ ఒక చెంచా తిండిలో కలుపుకోండి. కుట్ల మీద ఏ నూనే రాయకండి. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా చేప నూనె గొట్టాలు వేసుకోకండి.’

‘కొవ్వామ్లం’ ఉత్వసంధితో సాధువే. ‘కొవ్వు ఆమ్లం’ అని విడిగా రాస్తేనే కంటికి తేలిక. పై పాఠంలో ఆ మాట అవసరమే రాలేదు. రోగికి యాసిడ్ అంటే బాత్రూం కడిగేది, ఆమ్లం అంటే పులుపు. పులుపు తింటే పుండు చీము పడుతుందని నమ్మేవాళ్లకు ‘ఆమ్లం తినండి’ అని చెప్పినట్టవుతుంది. ‘అసంతృప్త కొవ్వు’ రాసే ఆలోచన ఉంటే అదీ మానుకోండి; గిన్నెలో గడ్డకట్టకుండా నూనెగానే ఉండే కొవ్వు అంటే చాలు.