వానల్లో తలుపుకి చిత్రిక పట్టించొద్దు, కాస్త ఆగండి

కడపలో అద్దె ఇల్లు, వానలకి బెడ్రూమ్ తలుపు బిగుసుకుంటోంది, చిత్రిక పట్టించమంటారా అని అడిగినారు కదా. వానల్లో మాత్రం వద్దండి, ఇదొక్కటి వినండి చాలు.

మాది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబర్ 2న వరదొచ్చినప్పుడు తుంగభద్ర మా ఇంట్లోకే వచ్చింది, నీళ్లు తీసినాక చూస్తే తలుపులన్నీ ఉబ్బిపోయి ఒక్కటీ పడదు, రాత్రిళ్లు వీధి వాకిలికి తాడు కట్టి పడుకునేవాళ్లం. పక్కింటి మామ ఆగలేక ఆచారిని పిలిపించి అన్నీ చెక్కించేసి, మా నాయన్ని రోజూ ఎగతాళి చేసేవాడు. మా నాయన మొండి, ఎండలొచ్చేదాకా ఒక్కర్నీ ముట్టుకోనీలేదు, మా అమ్మ తిట్లు సరేసరి. ఎండలు ముదిరేసరికి మా తలుపులు వాటంతట అవే తగ్గి గొళ్ళెం పడింది, వంటింటిది ఒక్కటే మొరాయించింది. మామ తలుపుల సందుల్లోంచి ఎలుకలు దూరేవి, ఆయన గోనెపట్టాలు కుక్కుకున్నాడు.

మన సీమలో ఎండకి చెక్క బాగా ఎండుతుంది, ముసురు పట్టగానే తేమ తాగుతుంది. పొడుగు పెద్దగా మారదు, అడ్డంగానే ఉబ్బుతుంది, అందుకే గొళ్ళెం వైపు అంచు నిలువునా ఒరుసుకుంటుంది. అట్లా కాకుండా గొళ్ళెం వైపు పైమూల ఒక్కటే తగుల్తుంటే పైబందు ఇస్కూరులు చూడండి, వదులై ఉంటాయి. ఊడదీసి బెజ్జంలో ఫెవికాల్ పూసిన పుల్ల దిగ్గొట్టి మళ్లీ బిగిస్తే సరి. ఎక్కడ తగుల్తుందో తెలీకపోతే ద్వారబంధానికి చాక్‌పీస్ రుద్ది తలుపేయండి, తెల్లగా అంటుకున్న చోటే. వానలు పోయేదాకా అక్కడ కొవ్వొత్తి రుద్దుకోండి.

అసలు ఈ పాపం పెయింటర్లది. ముందూ వెనకా అద్దంలా కొడతారు, పై అంచూ కింది అంచూ వట్టిగా వదిలేస్తారు, అడిగితే "ఎవరు చూస్తారన్నా" అంటారు. నీళ్లు చూస్తాయి కదప్పా! నిలువు చెక్కల కొసలు ఉండేది ఆ అంచుల్లోనే, తేమ ఎక్కువ లాక్కునేదీ అక్కడే. బాత్రూమ్ తలుపు కిందే ముందు కుళ్లేది ఎందుకనుకున్నారు?

ఎండాకాలంలో కూడా తగుల్తుంటే అప్పుడు తలుపు దించి కొంచెం చిత్రిక పట్టించి, వెంటనే అన్ని అంచులకీ ప్రైమరూ పెయింటూ వేయించండి. ఖర్చు ఓనర్నే పెట్టుకోమనండి, పై ఇంట్లో ఉండి అద్దె పెంచడానికైతే దిగొస్తారు కదా. మీది ఫ్లష్ డోర్ (రెండువైపులా ప్లైవుడ్ పొరలు అతికించిన చదును తలుపు) అయ్యి కింద పొరలు విచ్చుకొని ఉంటే మాత్రం చిత్రిక కూడా దండగే, కొత్త తలుపు అడగండి.