జైళ్లలో జాతి వివక్షను తగ్గించడానికి బయటి సంస్థలెందుకు?

ఫిర్యాదులు జైలు అధికారులే చూస్తారు కదా, మధ్యలో స్వచ్ఛంద సంస్థలెందుకని మీ ప్రశ్న. ఇంగ్లండ్‌లో జరిగింది చూడండి. 2000 మార్చిలో పశ్చిమ లండన్‌లోని ఫెల్తమ్ యువ నేరస్థుల జైల్లో జాహిద్ ముబారక్ అనే 19 ఏళ్ల కుర్రాణ్ణి, జాత్యహంకారి అయిన సెల్‌మేట్ బల్ల కాలుతో తలపై కొట్టాడు. ఇంకొన్ని గంటల్లో విడుదల కావాల్సినవాడు, వారానికి ఆసుపత్రిలో చనిపోయాడు. దీనిపై బహిరంగ విచారణ కోసం కుటుంబం అత్యున్నత న్యాయస్థానం దాకా పోరాడాల్సి వచ్చింది. వ్యవస్థ ఎక్కడెక్కడ విఫలమైందో 2006లో వచ్చిన నివేదిక ఏకరువు పెట్టింది.

ఆ తర్వాత కుటుంబం పెట్టిన ట్రస్ట్ జైళ్లతో కలిసి పనిచేస్తోంది. వివక్ష ఫిర్యాదుల ఫైళ్లు తెరిచి చూస్తారు: ఫిర్యాదు చేసినవాడితో మాట్లాడారా? సాక్షుల్ని అడిగారా? జవాబులో కారణం రాశారా, లేక ‘ఆధారాల్లేవు’ అని చేతులు దులుపుకున్నారా? గార్డు మీద ఫిర్యాదును తోటి ఉద్యోగే విచారిస్తే ఖైదీకి నమ్మకం ఎలా కుదురుతుంది? (అసలు ఫారం అడగడానికే జంకుతారు.) బయటివాళ్లు చదువుతారని తెలిస్తే విచారణ ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తారు. కాకపోతే ఈ సంస్థలకు ఆదేశించే అధికారం లేదు. జైలు గవర్నర్ (అక్కడ జైలు ప్రధానాధికారి) పట్టించుకోకపోతే అంతా కాగితాల మీదే ఉండిపోతుంది.