చూడకుండా ఇచ్చే క్రీములు ఇక చాలు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది సఖినేటిపల్లి దగ్గర పల్లె. నాకు 54 ఏళ్ళు, ముట్లు ఆగిపోయాయి. ఇంట్లో లేసు అల్లుతాను. కొన్నేళ్ళుగా కింద విపరీతమైన దురద, రాత్రిళ్ళు మరీ ఎక్కువ. చర్మం చిట్లి మూత్రానికి వెళ్తే మంట. ఒకచోట కూర్చుని అల్లలేకపోతున్నాను. అక్కడ చర్మం పలచబడి తెల్లగా అయింది. వేడి చేసిందని కొందరు, తెల్లబట్ట అని కొందరు అన్నారు. పంటు దాటి వెళ్ళి మందుల షాపులో ఇచ్చిన ట్యూబులు ఎన్నో వాడాను. మా వారికి దూరంగా ఉంటున్నాను. కారణం ఆయన అడగరు, నేను చెప్పలేను. ఇది బొల్లా? క్యాన్సరా? ఆయనకు అంటుతుందా?

జవాబు: అమ్మా, ఎవరైనా పరీక్ష చేసి చూశారా అన్న మాట కోసం మీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఎక్కడా లేదు. దురద అనగానే ఫంగస్ క్రీము చేతిలో పెట్టి పంపేస్తారు. సిగ్గుతో మనమూ చూపించం. ఇలా ఏళ్ళు గడిచిపోయిన ఆడవాళ్ళు నా దగ్గరికి వచ్చినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

ఉత్తరం చదివి జబ్బు పేరు ఖాయం చేయకూడదు. కానీ రాత్రి పెరిగే దురద, ఉల్లిపొరలా పలచబడి తెల్లబడ్డ చర్మం, చిట్లడం కలిసి ఉంటే నేను మొదట అనుమానించేది లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధిని. ముట్లు ఆగిన వయసులో ఎక్కువ, చిన్నపిల్లలకూ వస్తుంది. ఒంటి రక్షణ వ్యవస్థే సొంత చర్మం మీద తిరగబడటం దీనికి కారణమని భావిస్తున్నారు. ఇది ఉన్నవాళ్ళలో అలాగే వచ్చే థైరాయిడ్ జబ్బూ కాస్త ఎక్కువ, అందుకే థైరాయిడ్ కూడా చూపించుకోండి. షుగరు ఉన్నవాళ్ళకు ఫంగస్ ఎక్కువగా వస్తుంది కాబట్టి షుగరు పరీక్ష కూడా అవసరం. బొల్లిలో మామూలుగా రంగే పోతుంది, చర్మం ఇలా చిట్లదు. ఇది శుభ్రత లేక వచ్చేది కాదు, సుఖవ్యాధీ కాదు, మీ వారికి అంటదు.

అలా వదిలేస్తే మాత్రం యోని లోపలి పెదవులు అతుక్కుపోయి ద్వారం ఇరుకు కావచ్చు. క్యాన్సర్‌గా మారేది నూటికి ఐదుగురి కంటే తక్కువ మందిలోనే, సరిగ్గా మందు వాడితే ఆ ప్రమాదం ఇంకా తగ్గుతుంది. మానని పుండు, గడ్డ కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

అమలాపురం మీదుగా కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. 'చర్మ, సుఖవ్యాధుల విభాగం' అన్న బోర్డు చూసి వెనక్కి వచ్చేసినవాళ్ళు నాకు తెలుసు. ఇలాంటి చర్మసమస్యలన్నీ చూసేది అక్కడే, సంకోచించకండి. లేడీ డాక్టరు కావాలని అడగొచ్చు. "తెల్లబట్ట కాదండీ, చర్మం మారింది, చూడండి" అని ముందే చెప్పండి. వాడిన ట్యూబులన్నీ తీసుకెళ్ళండి. అనుమానం ఉంటే మత్తు సూది ఇచ్చి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు.

ఇదే జబ్బు అని తేలితే సాధారణంగా ఇచ్చేది క్లోబెటసాల్ 0.05 శాతం అనే బలమైన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్. మొదటి నెల రోజూ రాత్రి, రెండో నెల రోజు విడిచి రోజు, మూడో నెల వారానికి రెండుసార్లు. 30 గ్రాముల ట్యూబు ఆ మూడు నెలలకూ సరిపోవాలి. ట్యూబుతో వచ్చే కాగితంలో మర్మాంగాలకు రాయొద్దని చదివి చాలామంది భయపడి ఆపేస్తారు. డాక్టరు చూసి రాస్తే ఆపకండి. చూడకుండా అయితే ఎంతమాత్రం వద్దు, ఎందుకంటే ఫంగస్ మీద ఈ మందు రాస్తే అది ఇంకా పెరుగుతుంది. జబ్బు పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. చాలామందికి తర్వాత కూడా వారానికి ఒకటి రెండుసార్లు రాయాల్సి వస్తుంది, ఏటా ఒకసారి చూపించుకోవాలి.

ఈలోగా సబ్బు, డెట్టాల్, వేడినీళ్ళు, వేపాకు నీళ్ళు అన్నీ మానండి. మామూలు నీళ్ళతో కడిగి, మెత్తగా అద్ది, కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి. మూత్రానికి వెళ్ళేముందు రాస్తే మంట తగ్గుతుంది. లేసు అల్లేటప్పుడు మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వేయండి.

మీ వారికి నోటితో చెప్పలేకపోతే ఈ పేజీ చూపించండి. మీరు దూరం జరిగింది నొప్పి వల్లే తప్ప ఇష్టం లేక కాదని ఆయనకు తెలియాలి. కాకినాడకు తోడుగా ఆయన్నే రమ్మనండి.