యాడ్స్‌కి డబ్బు పెడితే జనం మన బ్రాండ్‌కి అలవాటు పడతారా?

ఇంట్లో చేసే కారం పొడులు ప్యాకెట్లలో అమ్మాలనుకుంటున్నామనీ, ఫేస్‌బుక్ యాడ్స్‌కి డబ్బు పెడితే కొనేవాళ్లు వచ్చి నిలబడతారా అనీ అడిగారు. మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో కిరాణా కొట్టు. నాన్న తర్వాత నేనే చూసుకుంటున్నా. కౌంటర్ దగ్గర చూసింది చెబుతాను.

యాడ్ చూసి ఎవరూ పనిగట్టుకుని కొట్టుకు రారు. ఇంట్లో సరుకు అయిపోయి వచ్చినప్పుడు, "ఏది కావాల" అని నేను అడిగితే ముందు నోటికొచ్చే పేరు ఏదన్నది మాత్రం యాడే తేలుస్తుంది. పిల్లలు వచ్చి పేస్టు అనరు, కోల్గేట్ అంటారు.

చదువురాని పెద్దవాళ్లకు పేరు కూడా అక్కర్లేదు, రంగు చాలు. "అబ్బయా, ఎర్ర సబ్బు ఒకటియ్యి" అంటే లైఫ్‌బాయ్. పసుపు రంగు బట్టల పౌడరంటే నిర్మా. కంపెనీవాళ్లు రేపర్ మార్చినప్పుడల్లా నాకు తిప్పలే. ఒక అవ్వ ప్యాకెట్టును అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, "ఇది డూప్లికేటు, పాతది ఉంటే ఇయ్యి" అని కౌంటర్ మీద పెట్టేసింది. ఆమెది తెలియనితనం అని నేననుకోను. పేరులో ఒక అక్షరం మార్చి అచ్చం అదే రంగులో నాసిరకం అంటగట్టేవాళ్లు ఉన్నప్పుడు, చదవలేని మనిషి ఇంకేం చూసి నమ్మాలి?

ఆ నిర్మానే తీసుకోండి. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి దగ్గర పౌడరు కలిపి, సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి, పెద్ద కంపెనీల కంటే బాగా తక్కువ ధరకు అమ్మాడు. టీవీలో పాట ఆ తర్వాతి సంగతి. చివరికి హిందుస్థాన్ లీవర్ అంతటిది పోటీకి వీల్ పౌడరు తేవాల్సొచ్చింది.

నాకు ఇంకా నచ్చేది చిక్ షాంపూ కథ. 1983లో తమిళనాడు కడలూరులో సి.కె. రంగనాథన్ మొదలుపెట్టారు. తండ్రి చిన్నికృష్ణన్ పేరు మీదే చిక్. వాళ్ల మనుషులు పల్లెలకు పోయి, ఒక బడిపిల్లాడికి తల రుద్ది, చుట్టూ ఉన్నవాళ్లను ఆ జుట్టు ముట్టుకుని చూడమనేవాళ్లు. ఏ కంపెనీవైనా సరే, ఖాళీ షాంపూ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ఊరికే ఇచ్చారు. కొన్నాళ్లకు చిక్ ఖాళీలే తీసుకుంటామన్నారు. అప్పటికి జనానికి వాడకం అలవాటైపోయింది కదా, ఆ రెండో మెట్టులోనే ఉంది తెలివంతా.

అలవాటు తెగేది మాత్రం సరుకు దొరకనప్పుడు. "లేదక్కా, రేపొస్తుంది" అంటే ఆ పూటకి వేరేది పట్టుకుపోతారు. మళ్లీ వచ్చినప్పుడూ లేకపోతే, ఆ వేరేదే వాళ్ల బ్రాండైపోతుంది. సేల్స్‌మన్ వారం వారం వచ్చి మా అరలు చూసుకునేది ఇందుకే. 10 రూపాయల బిస్కెట్ ప్యాకెట్టును 10కే ఉంచి లోపల బరువు తగ్గించేదీ ఈ అలవాటు చెడకూడదనే. నాకైతే అది న్యాయం అనిపించదు.

మా వైపు రొయ్యల గుంటల సంగతి మాత్రం వేరు. మేత కంపెనీలు గోడల మీద ఎంత రాయించుకున్నా, చాలామంది రైతులు అరువిచ్చే డీలరు ఏ బస్తా ఇస్తే అదే వేస్తారు. దాన్ని బ్రాండ్ మీద అభిమానం అనుకోకండి, అది అప్పు.

మీరు ముందు ఒక్క పొడితో మొదలుపెట్టండి. ఒకే రంగు ప్యాకెట్టు, 10 రూపాయలది, మీ చుట్టుపక్కల కొట్లలో పెట్టండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) ఇచ్చే నంబరు, తయారీ తేదీ కనబడేలా ఉండాలి. కొత్త మిర్చి వచ్చినప్పుడు కారం మారుతుంది, ప్రతి వాయి రుచి చూసి కలపండి. ఫేస్‌బుక్ డబ్బు సరుకు కొట్లలో నిండాకే పెట్టండి. లేదంటే మీ యాడ్ చూసినావిడ సరుకులకి వచ్చినప్పుడు అడుగుతుంది, నేను లేదంటాను, పక్కనున్న ఇంకో కంపెనీ పొడి తీసుకుని పోతుంది.