సాంచాల ఇంటి అమ్మాయి, సముద్రపు ప్లాస్టిక్ బట్టలు

ప్రశ్న: మాది సిరిసిల్ల. ఇరవై ఏళ్లుగా సాంచాల (మరమగ్గాల) మీద పనిచేస్తున్నాను. బట్టల పనిలో బతుకెట్లుంటదో నాకు తెలుసు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. బీటెక్‌లో కంప్యూటర్ సైన్స్ చదవమంటే వినడం లేదు. సముద్రంలోని ప్లాస్టిక్‌తో బట్టలు చేసే డిజైనర్ అవుతానంటోంది. ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయాన్ని కొట్టిపారేయను. కానీ అమ్మాయి చెప్పే పని మీ ఇంటికి మరీ దూరమైనదేం కాదు. వాడి పడేసిన నీళ్ల సీసాలను కడిగి, ముక్కలు చేసి, కరిగించి, సన్నటి రంధ్రాల్లోంచి పోగులుగా లాగితే వచ్చేది పాలిస్టరే. సిరిసిల్ల సాంచాల మీద నడిచేదీ పాలిస్టరే కదా! 2023 ఫిబ్రవరిలో ప్రధాని పార్లమెంటుకు వేసుకొచ్చిన లేత నీలం జాకెట్ సీసాల నుంచి తీసిన బట్టే.

సముద్రం సంగతి మాత్రం అమ్మాయితో కూర్చుని మాట్లాడండి. 'సముద్రపు ప్లాస్టిక్' అని రాసి అమ్మే బట్టల్లో చాలావాటికి సరుకు తీరం దగ్గర ఏరిన సీసాలే. ఎండకు, ఉప్పునీటికి ఏళ్ల తరబడి నానిన ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, దాంతో మంచి నూలు రావడం కష్టం. స్పెయిన్‌కు చెందిన సీక్వల్ నూలులో సముద్రం నుంచి తీసింది సుమారు 10 శాతమే, మిగతాదంతా మామూలు సీసాల పాలిస్టర్. కేరళలో 2017 నుంచి జాలర్లు వలల్లో పడ్డ ప్లాస్టిక్‌ను ఒడ్డుకు తెస్తున్నారు, అందులో చాలావరకు రోడ్లు వేయడానికి పోయింది. చేపల వలల కథ వేరు. నైలాన్ 6 రకం వలలను రసాయనికంగా విడగొట్టి మళ్లీ కొత్తదానిలాంటి నైలాన్ చేయొచ్చు. ఇటలీ కంపెనీ ఆక్వాఫిల్ 2011 నుంచి ఈ పని చేస్తోంది, ఫ్యాషన్ కంపెనీ ప్రాడా తన బ్యాగులకు ఆ నైలాన్ వాడుతోంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ రంగంలో అసలు పని బొమ్మ గీయడం కంటే ముందే మొదలవుతుంది. పాలిస్టర్‌లో కాటన్, సాగే స్పాండెక్స్ కలిపి నేసిన బట్టను మళ్లీ విడదీయడం చాలా కష్టం. ఉతికినప్పుడల్లా పాలిస్టర్ బట్ట నుంచి కంటికి కనపడని పోగులు రాలి నీళ్లలో కలుస్తాయి, సీసాల నుంచి చేసిందైనా అంతే. ఏ పోగు, ఎలాంటి నేత, ఏ జిప్పు అన్నది తెలిసి తేల్చేవాళ్లు కావాలి. పోగు తెలియని డిజైనర్‌ను నేనైతే నమ్మను.

అందుకే ఎంపీసీ చదివిన పిల్లకు నా మొదటి మాట టెక్స్‌టైల్ టెక్నాలజీ. ఉస్మానియా కాలేజ్ ఆఫ్ టెక్నాలజీలో బీటెక్ ఉంది, ఎప్‌సెట్ ర్యాంకుతోనే సీటు వస్తుంది. 'బీటెక్ కావాలి' అన్న మీ పట్టుదలా తీరుతుంది. డిజైనే కావాలంటే నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ)లో బీడిజైన్. రాతపరీక్ష తర్వాత చేతితో నమూనా చేసి చూపించే పరీక్ష కూడా ఉంటుంది. ఎంపీసీ వాళ్లు అక్కడే బీఎఫ్‌టెక్‌కూ వెళ్లొచ్చు, అది బట్టల తయారీ వైపు చదువు. అయితే నిఫ్ట్ ఫీజు ఉస్మానియాతో పోలిస్తే చాలా ఎక్కువ. అప్పు చేసే ముందు లెక్క వేసుకోండి. అమరావతిలోని ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ) కూడా చూడొచ్చు కానీ సీట్లు తక్కువ.

ఏది తనకు నప్పుతుందో తేలకపోతే, సెలవుల్లో వారం రోజులు మీతోపాటు సాంచాల దగ్గరికి తీసుకెళ్లండి. పోగు తెగినప్పుడు ఎందుకు తెగిందని అడిగితే ఉస్మానియా వైపు, బట్ట చేతిలోకి తీసుకుని దీన్ని ఎలా కుడితే బాగుంటుందని ఆలోచిస్తే నిఫ్ట్ వైపు. నిఫ్ట్ దరఖాస్తులు మామూలుగా చలికాలంలోనే ముగుస్తాయి. ఇంటర్ పరీక్షల హడావుడిలో చాలామంది మర్చిపోతుంటారు.